రంగు పోతే ఏమి తేలినట్లు? సంతృప్త, అసంతృప్త హైడ్రోకార్బన్లను వేరుచేసే చిన్న పరీక్ష, దాని హద్దులు

ఇందా (ఖరగ్‌పూర్, పశ్చిమ బెంగాల్): రెండు పరీక్షనాళికలలో నీళ్లలా కనిపించే రెండు ద్రవాలు ఉన్నాయి. ఒకటి సైక్లోహెక్సేన్, మరొకటి సైక్లోహెక్సీన్. చూపుకు వాటి మధ్య తేడా లేదు. రెండింటిలోనూ నారింజ రంగు బ్రోమిన్ జలాన్ని చుక్కలుగా వేసి కుదిపితే, ఒకదానిలో రంగు అలాగే నిలుస్తుంది. రెండోదానిలో క్షణాల్లో మాయమవుతుంది. రంగు మాయమైనది అసంతృప్త హైడ్రోకార్బన్, నిలిచినది సంతృప్త హైడ్రోకార్బన్ అని పాఠ్యపుస్తకం చెబుతుంది. పరీక్షలో ఆ ఒక్క వాక్యం రాస్తే మార్కులు వస్తాయి.

ఆ వాక్యం నిజమే. అయితే అది ఎప్పుడు నిజం, ఎప్పుడు కాదు అన్నది తెలియకపోతే ప్రయోగశాలలో తప్పు ఫలితం రాస్తాము. వంటింటి నూనె విషయంలో అంతకంటే పెద్ద పొరపాటే చేస్తాము.

రైల్వే పట్టణమైన ఖరగ్‌పూర్‌లో ఇందా ఒక పాత నివాస ప్రాంతం. 1949లో ఏర్పడిన ఖరగ్‌పూర్ కళాశాల ఇక్కడే ఉంది. దేశంలో తొలి ఐఐటీ 1951లో ఈ పట్టణంలోనే ప్రారంభమైంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వారు రైల్వే కొలువులకు వచ్చి స్థిరపడటంతో ఖరగ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, హిందీ, తరగతిలో ఆంగ్లమో బెంగాలీయో వినే పిల్లలకు రసాయనశాస్త్ర పదాలు మూడు నాలుగు రూపాలలో చెవిన పడతాయి. పదం ఏ భాషలో ఉన్నా నాళికలో జరిగేది ఒక్కటే. దానిని తెలుగులో తేటగా చెప్పుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తేడా ఎక్కడుంది?

కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉన్న సమ్మేళనాలను హైడ్రోకార్బన్లు అంటారు. ప్రతి కార్బన్ పరమాణువుకు నాలుగు బంధాలు ఏర్పరచుకునే శక్తి ఉంది. ఈథేన్‌లో రెండు కార్బన్లు ఒకే బంధంతో కలిసి ఉంటాయి. మిగిలిన బంధాలన్నిటినీ ఆరు హైడ్రోజన్లు తీసుకుంటాయి. ఇక కొత్త పరమాణువును చేర్చుకునే వీలు లేదు. అందుకే అది సంతృప్తం. ఇథిలీన్‌లో అవే రెండు కార్బన్ల మధ్య ద్విబంధం ఉంటుంది, హైడ్రోజన్లు నాలుగే. ఎసిటిలీన్‌లో త్రిబంధం ఉంటుంది, హైడ్రోజన్లు రెండే. ఈ రెండూ అసంతృప్తాలు.

రైల్వే పట్టణానికి తగిన పోలికతో చెప్పాలంటే, సంతృప్త అణువు బెర్తులన్నీ నిండిపోయిన బోగీ వంటిది. కొత్త ప్రయాణికుడు ఎక్కాలంటే ఉన్నవారిలో ఒకరు దిగాలి. రసాయనశాస్త్రంలో దీనిని ప్రతిక్షేపణ చర్య అంటారు. అసంతృప్త అణువులో ద్విబంధపు రెండో బంధం విడివడి ఇద్దరికి చోటిస్తుంది, ఎవరూ దిగనక్కరలేదు. ఇది సంకలన చర్య. బ్రోమిన్ అణువులో ఉన్నవి సరిగ్గా రెండు పరమాణువులు. చెరొకటి చెరొక కార్బన్‌కు అతుక్కుంటాయి.

బ్రోమిన్ పరీక్ష

బ్రోమిన్‌ను 1826లో ఫ్రాన్స్‌కు చెందిన ఆంటోయిన్ బాలార్ వెలుగులోకి తెచ్చారు. గ్రీకులో దుర్గంధం అనే అర్థమున్న మాట నుంచి దానికి ఆ పేరు వచ్చింది. గది ఉష్ణోగ్రత వద్ద ద్రవరూపంలో ఉండే మూలకాలు రెండే: పాదరసం, బ్రోమిన్. బ్రోమిన్‌కు ముదురు ఎరుపు గోధుమ రంగు ఉంటుంది. నీటిలో కలిపి పలుచన చేస్తే నారింజ, పసుపు రంగుల్లో కనిపిస్తుంది. పరీక్షకు పనికివచ్చేది ఈ రంగే. బ్రోమిన్ అణువు అణువుగా ఉన్నంతవరకే ఆ రంగు ఉంటుంది. ద్విబంధంతో కలిసి ఏర్పడే పదార్థాలకు రంగు ఉండదు. కనుక రంగు పోయిందంటే బ్రోమిన్ ఖర్చయిపోయిందని అర్థం.

లెక్క కూడా సూటిగా ఉంటుంది. 28 గ్రాముల ఇథిలీన్ సుమారు 160 గ్రాముల బ్రోమిన్‌ను కలుపుకోగలదు. 26 గ్రాముల ఎసిటిలీన్ అంతకు రెట్టింపు, అంటే సుమారు 320 గ్రాముల దాకా కలుపుకోగలదు. త్రిబంధంలో విడివడగల బంధాలు రెండు ఉండటమే కారణం.

ప్రయోగం చేసే తీరు ఇది. శుభ్రమైన మూడు నాళికలు తీసుకోవాలి. మొదటిదానిలో పరీక్షించవలసిన పదార్థం, రెండోదానిలో ద్విబంధం ఉందని ముందే తెలిసిన పదార్థం, మూడోదానిలో నీరు మాత్రమే ఉండాలి. మూడింటిలోనూ సమాన సంఖ్యలో బ్రోమిన్ జలపు చుక్కలు వేసి, బిరడా బిగించి కుదిపి, వెంటనే పోల్చి చూడాలి. నీరున్న నాళిక మన కంటికి కొలబద్ద. అది లేకపోతే ‘రంగు తగ్గినట్టుంది’ అన్న అనుమానానికి ఆధారం ఉండదు.

ఇక్కడే చాలామంది విద్యార్థులు తడబడే చోటు ఒకటి ఉంది. సైక్లోహెక్సేన్ వంటి సంతృప్త ద్రవం నీటిలో కలవదు. తేలికైనది కనుక పైపొరగా తేలుతుంది. బ్రోమిన్ నీటిలో కంటే అందులో బాగా కరుగుతుంది. కుదిపినప్పుడు రంగు కింది నీటిపొర నుంచి పైపొరలోకి పోతుంది. నీటిపొరను మాత్రమే చూసినవారు రంగు పోయిందని రాసేస్తారు. నిజానికి రంగు పోలేదు, చోటు మారింది. రెండు పొరలూ చూసిన తరువాతే ఫలితం రాయాలి.

పర్మాంగనేట్ పరీక్ష

రెండో పరీక్షకు జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫాన్ బేయర్ పేరు పెట్టారు. ఆయన 1905లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్నారు. ఇందులో వాడేది పొటాషియం పర్మాంగనేట్. ఊళ్లలో బావినీటిని శుద్ధి చేయడానికి వేసే ఊదారంగు పలుకులు ఇవే. దాదాపు ఒక శాతం గాఢత గల చల్లని, కొద్దిగా క్షారగుణమున్న ద్రావణాన్ని చుక్కలుగా వేస్తారు. ద్విబంధం ఉంటే ఊదారంగు పోయి, మాంగనీస్ డయాక్సైడ్ గోధుమ రంగు అవక్షేపంగా దిగుతుంది. ఇథిలీన్ విషయంలో ద్విబంధం ఉన్నచోట రెండు హైడ్రాక్సిల్ సమూహాలు చేరి ఇథిలీన్ గ్లైకాల్ ఏర్పడుతుంది.

‘చల్లని’, ‘పలుచని’ అన్న మాటలను విద్యార్థులు తేలికగా వదిలేస్తారు. అవి లేకుండా పరీక్షే లేదు. ద్రావణాన్ని వేడిచేసినా, ఆమ్లం కలిపినా పర్మాంగనేట్ ఆక్సీకరణ శక్తి బాగా పెరుగుతుంది. అప్పుడు ద్విబంధం దగ్గర అణువు రెండుగా తెగిపోవచ్చు. ద్విబంధం లేని ఇతర పదార్థాలు కూడా ఆక్సీకరణం చెంది రంగును పోగొట్టవచ్చు.

ఎక్కడ మోసపోతాము?

మొదటిది సూర్యకాంతి. సంతృప్త హైడ్రోకార్బన్‌లో బ్రోమిన్ కలిపి కిటికీ దగ్గర ఉంచితే, కాంతి శక్తితో ప్రతిక్షేపణ మొదలై రంగు మెల్లగా తగ్గుతుంది. బోగీలో ఒకరు దిగి మరొకరు ఎక్కడం ఇదే. దీనిని పట్టుకోవడానికి ఉపాయం ఉంది. ప్రతిక్షేపణలో హైడ్రోజన్ బ్రోమైడ్ వాయువు వెలువడుతుంది. తడిపిన నీలి లిట్మస్ కాగితాన్ని నాళిక మూతి దగ్గర పట్టుకుంటే ఎర్రబడుతుంది. సంకలన చర్యలో ఈ వాయువు రాదు. ప్రయోగాన్ని నీడపట్టున చేయడం, ఫలితాన్ని వెంటనే చూడడం అంతకంటే తేలిక.

రెండోది బెంజీన్. ఆరు కార్బన్లకు ఆరే హైడ్రోజన్లు ఉన్న ఈ అణువును కాగితం మీద మూడు ద్విబంధాలతో గీస్తాము. సూత్రం చూస్తే పూర్తిగా అసంతృప్తం. అయినా బ్రోమిన్ జలం రంగు పోదు, చల్లని పర్మాంగనేట్ రంగూ పోదు. బెంజీన్‌లోని ఎలక్ట్రాన్లు వలయమంతా పరచుకుని అణువుకు అదనపు స్థిరత్వం ఇస్తాయి. దానిని వదులుకుని బ్రోమిన్‌ను చేర్చుకోవడానికి అది సిద్ధపడదు. పరీక్షలో ‘లేదు’ అని వచ్చినంత మాత్రాన పదార్థం సంతృప్తమని తేల్చేయరాదు.

మూడోది ఇతర సమ్మేళనాలు. ఆల్డిహైడ్లు పర్మాంగనేట్ రంగును పోగొడతాయి. ఫినాల్ బ్రోమిన్ జలం రంగును పోగొట్టి తెల్లని అవక్షేపం ఇస్తుంది. వీటిలో కార్బన్ల మధ్య మనం వెతికే తరహా ద్విబంధం లేకపోయినా ఫలితం ‘ఉంది’ అన్నట్లే కనిపిస్తుంది. అందుకే ఈ పరీక్షను నమ్మాలంటే ఎదుట ఉన్నది హైడ్రోకార్బనే అని ముందు తెలిసి ఉండాలి.

నాలుగోది సైక్లోప్రొపేన్. మూడు కార్బన్ల ఈ బిగుతైన వలయంలో ద్విబంధం లేదు. అయినా ఆ బిగువు వల్ల వలయం తెరుచుకుని బ్రోమిన్‌ను తీసుకుంటుంది. చల్లని పర్మాంగనేట్‌తో మాత్రం చర్య జరపదు. రెండు పరీక్షలూ చేసి పోల్చవలసిన అవసరాన్ని ఈ ఒక్క ఉదాహరణ చూపుతుంది.

మంట చెప్పేది ఎంత?

పదో తరగతి పాఠంలో ఇంకొక గుర్తు ఉంటుంది. సంతృప్త హైడ్రోకార్బన్లు శుభ్రమైన మంటతో, అసంతృప్తాలు పసుపు మంటతో, నల్లని మసితో మండుతాయని. హైడ్రోజన్‌తో పోల్చితే కార్బన్ పాలు ఎక్కువగా ఉండటమే మసికి కారణం. గాలిలో మండించిన ఎసిటిలీన్ దట్టమైన మసినిస్తుంది. అదే ఎసిటిలీన్‌ను లోహాలు కోసే టార్చిలో ఆక్సిజన్‌తో కలిపితే మసి లేని, 3,000 డిగ్రీల సెల్సియస్ దాటిన మంట వస్తుంది. మరోవైపు, ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్ ఉండే వంటగ్యాస్ కూడా పొయ్యి బర్నర్‌కు గాలి అందకపోతే పసుపుగా మండి గిన్నె అడుగున మసి పెడుతుంది. మంట రంగు ఇంధనం స్వభావంతో పాటు గాలి సరఫరానూ చెబుతుంది. కనుక దానిని తొలి సూచనగా మాత్రమే తీసుకోవాలి.

హల్దియా నుంచి మామిడి పండు దాకా

ఒక ద్విబంధం ఉండటం, లేకపోవడం ఎంత పెద్ద తేడానో ఖరగ్‌పూర్ పక్క జిల్లాలోనే చూడవచ్చు. పూర్వ మేదినీపూర్‌లోని హల్దియాలో పెట్రోకెమికల్ కర్మాగారం నాఫ్తాను అధిక ఉష్ణోగ్రత వద్ద పగులగొట్టి ఇథిలీన్, ప్రొపిలీన్ వంటివి తయారు చేస్తుంది. నాఫ్తాలో ఎక్కువ భాగం సంతృప్త హైడ్రోకార్బన్లు. వాటితో నేరుగా ప్లాస్టిక్ చేయలేరు. పగిలిన ముక్కలలో ద్విబంధం ఏర్పడిన తరువాతే ఒక అణువు మరొకదానితో చేయి కలిపి పొడవైన గొలుసు అవుతుంది. అదే పాలిథీన్. విచిత్రమేమిటంటే, గొలుసు కట్టడంలో ద్విబంధాలు ఖర్చయిపోతాయి. పేరులో ఇథిలీన్ ఉన్నా పాలిథీన్ సంతృప్త పదార్థమే. బ్రోమిన్ జలం రంగును అది పోగొట్టదు. మట్టిలో పడిన సంచి ఏళ్ల తరబడి చెక్కు చెదరకపోవడానికి ఈ మందకొడి స్వభావమూ ఒక కారణం.

ఇథిలీన్ మొక్కల్లో సహజంగా పుట్టే హార్మోన్ కూడా. మామిడి, అరటి పండేటప్పుడు దానిని విడుదల చేస్తాయి. రెండు హైడ్రోజన్లు ఎక్కువున్న ఈథేన్‌కు ఆ శక్తి లేదు. కాయలు మగ్గబెట్టే గదుల్లో ఇథిలీన్ వాయువును 100 పీపీఎం వరకు వాడేందుకు భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అనుమతి ఇచ్చింది. కాల్షియం కార్బైడ్‌తో మగ్గబెట్టడం మాత్రం నిషిద్ధం. తేమ తగిలితే కార్బైడ్ నుంచి ఎసిటిలీన్ వెలువడుతుంది. అది ఇథిలీన్‌లా కొంతవరకు పని చేస్తుంది. కానీ బజారులో దొరికే కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్లు ఉండే ప్రమాదం ఉంది. ఎసిటిలీన్‌కు మండే గుణం కూడా ఎక్కువ.

వంటింటి నూనెకు ఈ పరీక్ష చెప్పేది, చెప్పనిది

వంటనూనెలు హైడ్రోకార్బన్లు కావు. అవి గ్లిజరాల్, కొవ్వు ఆమ్లాల ఎస్టర్లు. అయితే కొవ్వు ఆమ్లాలలో పొడవైన హైడ్రోకార్బన్ గొలుసులు ఉంటాయి. వాటిలోని ద్విబంధాలు బ్రోమిన్, అయోడిన్ వంటి వాటిని కలుపుకుంటాయి. ఈ ఆధారంతోనే నూనెల ‘అయోడిన్ విలువ’ కొలుస్తారు. 100 గ్రాముల నూనె ఎన్ని గ్రాముల అయోడిన్‌ను తీసుకుంటుందన్నదే ఆ విలువ. 1884లో హ్యూబుల్ దీనికి పద్ధతి రూపొందించగా, 1898లో వైస్ దానిని మెరుగుపరిచారు. కొబ్బరినూనె విలువ 10 లోపు ఉంటుంది. వేరుశనగ నూనె విలువ సుమారు 85 నుంచి 99. బెంగాల్ వంటింటి ఆవనూనెది అంతకంటే కొంచెం ఎక్కువగా 100 దాపున ఉంటుంది. రంగుల తయారీలో వాడే అవిసె నూనెది 170 దాటుతుంది. చలికాలంలో కొబ్బరినూనె గడ్డకట్టడం, అవిసె నూనె గాలికి ఆరి పొరకట్టడం ఈ అంకెల్లో ముందే కనిపిస్తాయి.

నూనెలోని ద్విబంధాలకు నికెల్ ఉత్ప్రేరకం సాయంతో హైడ్రోజన్‌ను చేరిస్తే అది గట్టిపడి వనస్పతి అవుతుంది. ఈ హైడ్రోజనీకరణ మార్గాన్ని చూపినందుకు ఫ్రాన్స్ శాస్త్రవేత్త పాల్ సబాటియే 1912లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. హైడ్రోజన్ చేరిన కొద్దీ అయోడిన్ విలువ తగ్గుతుంది. ఇంతవరకు మన పరీక్ష చెప్పగలదు.

చెప్పలేనిది ఆ తరువాత మొదలవుతుంది. హైడ్రోజనీకరణ సగంలో ఆగితే మిగిలిన ద్విబంధాలలో కొన్ని ఆకారం మార్చుకుని ట్రాన్స్ రూపం దాలుస్తాయి. గుండెకు చేటు చేసే ట్రాన్స్ కొవ్వులు ఇవే. వీటిలోనూ ద్విబంధం ఉంది. బ్రోమిన్ రంగు వీటితోనూ పోతుంది. నాళికలో చూసి మంచి అసంతృప్త కొవ్వును, ట్రాన్స్ కొవ్వును వేరు చేయలేము. నూనెలు, కొవ్వులలో ట్రాన్స్ కొవ్వుల పరిమితిని మన దేశంలో 2021 జనవరి నుంచి 3 శాతానికి, 2022 జనవరి నుంచి 2 శాతానికి తగ్గించారు. ఆ పరిమితిని కొలవడానికి గ్యాస్ క్రొమటోగ్రఫీ వంటి పరికరాలు కావాలి.

కల్తీ విషయమూ అంతే. ఆవగింజల్లో కలిసిపోయే బ్రహ్మదండి గింజల నూనె శరీరం ఉబ్బే ఎపిడెమిక్ డ్రాప్సీ అనే వ్యాధిని తెస్తుంది. 1998లో దిల్లీలో ఈ కల్తీ ఆవనూనె వల్ల 60 మందికి పైగా మరణించారు. బ్రహ్మదండి నూనె కూడా అసంతృప్తమే. దానిని బ్రోమిన్‌తోనో అయోడిన్‌తోనో పరీక్షిస్తే రంగు చక్కగా పోతుంది. విషం మాత్రం బయటపడదు. ఆ విషపదార్థాన్ని పట్టడానికి వేరే ప్రత్యేక పరీక్షలు ఉన్నాయి. రంగు పోయిందని నూనె స్వచ్ఛమైనదని నమ్మితే ప్రాణం మీదికి వస్తుంది.

సరైన ప్రశ్నకు సరైన పరీక్ష ఎలా కుదర్చాలో చూపే ఉదాహరణ మన నెయ్యి కథలోనే ఉంది. నెయ్యిలో వనస్పతి కలిపితే కనిపెట్టడం కష్టం. అందుకని వనస్పతిలో కనీసం 5 శాతం నువ్వులనూనె ఉండాలని మన దేశంలో నిబంధన పెట్టారు. నువ్వులనూనెలోని ఒక పదార్థం ఫర్‌ఫ్యూరాల్, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఎర్రని రంగునిస్తుంది. దీని పేరు బౌడౌన్ పరీక్ష. నెయ్యిలో ఆ రంగు వస్తే వనస్పతి కలిసిందన్న అనుమానానికి గట్టి ఆధారం దొరికినట్లే. ద్విబంధాలు ఎన్ని ఉన్నాయన్న ప్రశ్నను పక్కన పెట్టి, దొంగ వెంట ఒక గుర్తును ముందే పంపిన ఉపాయం ఇది.

జాగ్రత్తలు

ఈ పరీక్షలు ఇంట్లో చేయదగినవి కావు. బ్రోమిన్ చర్మాన్ని కాలుస్తుంది. దాని ఆవిరి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. బ్రోమిన్‌ను కరిగించడానికి ఒకప్పుడు వాడిన కార్బన్ టెట్రాక్లోరైడ్ కాలేయానికి విషం. ఓజోన్ పొరకూ చేటు. అందుకే ఇప్పుడు బోధనశాలల్లో బ్రోమిన్ జలాన్ని, లేదా పర్మాంగనేట్‌ను ఎంచుకోవడం మేలు. సైక్లోహెక్సీన్ తేలికగా అంటుకుంటుంది కనుక దగ్గర్లో మంట ఉండకూడదు. అధ్యాపకుల సమక్షంలో, కళ్లద్దాలు, చేతి తొడుగులు ధరించి, గాలి బయటికి లాగే అరలో మాత్రమే చేయాలి.

ఇక సమాధానపత్రంలో ఏమి రాయాలి? ‘రంగు పోయింది, కనుక అసంతృప్తం’ అన్న వాక్యానికి నాలుగు మాటలు జోడిస్తే చాలు: పదార్థం హైడ్రోకార్బన్ అని తెలుసు, ప్రయోగం నీడలో, చల్లని ద్రావణంతో చేశాము, నీటి నాళికతో పోల్చాము, రెండో పరీక్ష కూడా అదే చెప్పింది. అప్పుడు ఆ ఫలితాన్ని ఖరగ్‌పూర్‌లో రాసినా, శ్రీకాకుళంలో రాసినా ఎవరూ కొట్టివేయలేరు. రంగు పోవడం ఒక సాక్ష్యం. ఆ సాక్షిని ఏ ప్రశ్న అడిగామో గుర్తుంచుకుంటేనే తీర్పు నిలుస్తుంది.